ప్లాన్ పెంచితే లాగ్ పోదు

ఆటలో లాగ్ కొడుతోందని ఎవరితో అన్నా ఒకటే జవాబు: ‘మీది ఎంత ప్లాన్? నలభయ్యా? వందకు మారండి, పోతుంది.’ కస్టమర్ కేర్ వాళ్లు అదే అంటారు, కేబుల్ లాగడానికి వచ్చిన కుర్రాడు అదే అంటాడు, ఇంజనీరింగ్ చదివిన మేనమామా అదే అంటాడు. వందకు మారాక కూడా రాత్రి తొమ్మిదింటికి పింగ్ (సర్వర్‌కు కబురు వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) మూడొందలు దాటితే, ‘అయితే మూడొందల ప్లాన్ తీసుకోవాల్సింది’ అంటారు. పెంచింది చాలలేదంటారే తప్ప, పెంచడం వల్ల పోయే జబ్బేనా ఇది అని ఎవరూ అడగరు.

వాళ్ల వాదనలో తర్కం లేకపోలేదు. దాన్ని పూర్తి బలంతోనే ముందు పెడతాను. ఇంట్లో లైను ఒకటి, వాడేవాళ్లు నలుగురు. హాల్లో టీవీలో సినిమా, లోపలి గదిలో ఆఫీసు వీడియో కాల్, ఫోన్లలో ఫోటోల బ్యాకప్. వీటన్నిటికీ కావలసింది లైను మొయ్యగలిగినదాన్ని మించితే ప్యాకెట్లు దారిలో ఆగుతాయి. ఆగితే లాగ్. లైను సామర్థ్యం పెంచితే ఆగాల్సిన అవసరమే ఉండదు. అనుభవం కూడా ఈ వాదనకే వంత పాడుతుంది: టెలిఫోన్ తీగ మీద 512 కేబీపీఎస్‌తో ఆడినవాళ్లు ఫైబర్‌కు మారిన రోజున తేడా కళ్లారా చూశారు. ఇక లైను వేగాన్ని మన రౌటర్లోనే కాస్త తక్కువకు కట్టే ట్రాఫిక్ షేపింగ్ అంటారా, అది కొన్న వేగాన్ని మనంతట మనమే కోసుకోవడం. వందకు డబ్బు కట్టి తొంభై వాడుకోవడం ఏం తెలివి? పైగా రౌటర్‌లో లినక్స్ ఎక్కించి కూర్చోవడం అందరివల్లా అయ్యే పనా?

వినడానికి ఎక్కడా చిల్లు కనపడదు. చాలామంది నమ్మడానికి కారణం అదే. కానీ చిల్లులున్నాయి, ఒకటి కాదు.

1. ఆట అడిగేది ఎంత?

తుపాకులు పేలే ఆట అనగానే లైను నిండా డేటా పారుతుందనుకుంటారు. కానీ మ్యాపులు, ముఖాలు, శబ్దాలు అన్నీ ముందే దిగి డిస్కులో కూర్చుని ఉంటాయి. ఆడేటప్పుడు తీగ మీద పోయేవి ‘నేనిక్కడున్నాను, ఇటు తిరిగాను, ట్రిగ్గర్ నొక్కాను’ లాంటి పొట్టి కబుర్లు. సర్వర్ నుంచి తిరిగి వచ్చేవి మిగతా ఆటగాళ్ల కబుర్లు. మామూలు మల్టీప్లేయర్ ఆటకు సెకనుకు కొన్ని వందల కిలోబిట్లు చాలు. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అది వందో వంతు, అటూ ఇటూగా. ఆ వందో వంతు దొరకడం లేదని మిగిలిన తొంభై తొమ్మిది వంతుల్ని రెండున్నర రెట్లు చెయ్యమంటున్నారు.

ఆటకు కావలసింది ఆ పొట్టి కబురు సమయానికి చేరడం. వాలరెంట్ అనే తుపాకుల ఆట సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క చూసుకుంటుంది, అంటే దాదాపు 8 మిల్లీసెకన్లకు ఒకసారి. మన కబురు 200 మిల్లీసెకన్లు ఆలస్యమైందంటే ఈలోగా సర్వర్ పాతిక సార్లు లెక్క ముగించేసింది. మన తెర మీద గోడ వెనక దాక్కున్నవాడు సర్వర్ దృష్టిలో ఇంకా వీధి మధ్యలోనే ఉంటాడు, చస్తాడు. అందులోనూ స్థిరంగా 80 ఉన్న పింగ్‌తో చెయ్యి అలవాటు పడుతుంది. 20 నుంచి 250కి, 250 నుంచి 20కి ఎగిరే పింగ్‌కు ఏ చెయ్యీ అలవాటు పడదు. ఎంబీపీఎస్ అనే అంకె సెకనులో ఎంత సరుకు దిగుతుందో చెబుతుంది. ఒక్కో కబురు ఎంతసేపట్లో చేరుతుందో ఆ అంకెలో ఎక్కడా లేదు.

క్లౌడ్ గేమింగ్‌కు మాత్రం ఈ మాట వర్తించదు. అక్కడ ఆట దూరాన ఉన్న కంప్యూటర్లో నడిచి, బొమ్మ మొత్తం వీడియోగా మన దాకా వస్తుంది కాబట్టి పదుల ఎంబీపీఎస్ నిజంగానే కావాలి. కొత్త ఆట డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడూ పెద్ద ప్లాన్ సుఖమే. లాగ్ గురించి ఫిర్యాదు చేసేవాడు ఈ రెంటిలో దేని గురించీ మాట్లాడటం లేదు.

2. లైను ఎంత పెద్దదైనా నిండుతుంది

‘సామర్థ్యం పెంచితే ఆగాల్సిన అవసరమే ఉండదు’ అన్న వాక్యం మీదే ఆ వాదన మొత్తం నిలబడి ఉంది. ఇంటర్నెట్ ఎలా నడుస్తుందో తెలియకపోతేనే ఆ వాక్యం రాయగలం.

ఒక ఫైలు పంపడం మొదలుపెట్టిన కంప్యూటర్‌కు దారిలో ఎంత ఖాళీ ఉందో ఎవరూ చెప్పరు. అది కొద్దికొద్దిగా జోరు పెంచుకుంటూ పోతుంది. ఎక్కడో ఒక ప్యాకెట్ జారిపోయిందని తెలిశాక తగ్గుతుంది. మళ్లీ పెంచడం మొదలుపెడుతుంది. ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కూ బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య, నాలుగు వందల గజాల దూరంలో, సెకనుకు 32 వేల బిట్లు నడవాల్సిన లైను 40 బిట్లకు పడిపోయింది. నలభై వేలు కాదు, నలభై. అందరూ ఒకేసారి తోసేస్తూ, చేరనివాటిని మళ్లీ మళ్లీ తోస్తూ దారిని మూసేశారు. వాన్ జాకబ్‌సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం ఇంటర్నెట్‌ను ఒడ్డున పడేసింది: ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని అర్థం, వెనక్కి తగ్గు. ఇప్పటికీ మన డౌన్‌లోడ్లలో ఎక్కువ భాగం ఆ హెచ్చరిక కోసమే ఎదురుచూస్తూ జోరు పెంచుతాయి.

తర్వాత మెమరీ చవకయింది. ప్యాకెట్ పోవడం అవమానమనుకున్న తయారీదార్లు మోడెమ్‌లలో, రౌటర్లలో పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు. నిండిన లైను ముందు ప్యాకెట్లు జారిపోకుండా వరస కట్టి నిలబడటం మొదలైంది. జారనందున హెచ్చరిక వెళ్లదు, వెళ్లనందున పంపేవాడు తగ్గడు, తగ్గనందున వరస చివరిదాకా నిండి అలాగే ఉంటుంది. ఆ వరస చివర్లో మన ఆట కబురు నిలబడి ఉంటుంది. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో ఫైళ్లు కాపీ చేస్తుంటే నెట్ మొత్తం స్తంభించడం గమనించి, తవ్వుకుంటూ పోయి ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. ఆయన ఇంటి లైను నాసిరకం లైనేమీ కాదు. పక్కనే పెద్ద కాపీ నడవనంతసేపు చక్కగా పనిచేసింది.

లెక్క చూడండి. మోడెమ్‌లో ఒక మెగాబైటు బఫర్, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకుందాం. ఒక మెగాబైటంటే 80 లక్షల బిట్లు. ఎవరి ఫోనో ఫోటోలు ఎక్కిస్తూ ఆ బఫర్‌ను నింపిందంటే, దాని చివర చేరిన ఆట ప్యాకెట్ బయటపడటానికి 800 మిల్లీసెకన్లు. ముక్కాలు సెకనుకు పైనే. ఆ సమయంలో ఆట ఆడటం సాధ్యం కాదు, ఆడినట్టు నటించగలం.

ఇప్పుడు వాళ్ల మాట ప్రకారం పెంచుదాం. అప్‌లోడ్ 40 చేస్తే అదే బఫర్ 200 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. తగ్గింది, ఒప్పుకుంటాను. ఫైబర్‌కు మారిన రోజున కనిపించిన తేడా ఇదే. కానీ 25 పింగ్‌తో ఆడేవాడికి అది 225 అయినా 825 అయినా ఫలితం ఒకటే. ఫోటోల బ్యాకప్ ‘40 దొరికింది కాబట్టి 10తో సరిపెట్టుకుంటాను’ అనుకోదు, నలభైనీ నింపేస్తుంది. మారేది ఎంతసేపు నింపుతుందన్నదే. రెండు గిగాబైట్ల వీడియో 10 ఎంబీపీఎస్‌లో ఎక్కడానికి దాదాపు 27 నిమిషాలు పడుతుంది, 40లో ఏడు నిమిషాలలోపు. అంటే అదనపు డబ్బు కట్టి కొనుక్కున్నది లాగ్ కాస్త తొందరగా అయిపోవడాన్ని. రౌండు రెండు నిమిషాలు కూడా పట్టని ఆటలో ఏడు నిమిషాలంటే ర్యాంకు దిగిపోవడానికి బోలెడంత సమయం.

అమెరికాలో కేబుల్ లైను మీద బతికే మనవాళ్ల ఇళ్లలో ఈ సలహా మరీ హాస్యాస్పదం. అక్కడ చాలా ఏళ్లపాటు డౌన్‌లోడ్ వెయ్యి ఇచ్చే ప్లాన్‌లో కూడా అప్‌లోడ్ 35, 40 దగ్గర ఆగిపోయేది. రోగం అప్‌లోడ్‌లో ఉంటే డౌన్‌లోడ్‌ను మూడు రెట్లు చేసుకోమని సలహా. హైదరాబాద్, విజయవాడల్లో ఫైబర్ ప్లాన్లు ఎక్కువగా రెండు వైపులా ఒకే వేగం ఇస్తాయి కాబట్టి అప్‌లోడ్ బాధ కొంత తక్కువ. అయితే ప్లాన్ వేగానికి కోత పెట్టే చోటు కంపెనీ పరికరంలో ఉంటుంది. ఎవరో ఒకరు గేమ్ అప్‌డేట్ దించుతుంటే వరస అక్కడ కట్టుకుంటుంది. ఇంట్లో తీగ ఎంత కొత్తదైనా దాన్ని ఏమీ చెయ్యలేదు.

3. స్పీడ్ టెస్ట్ అనే దొంగ సాక్షి

‘స్పీడ్ టెస్ట్‌లో పింగ్ 6 వచ్చింది, కాబట్టి మా లైనులో లోపం లేదు’ అనేది కంపెనీల తిరుగులేని సమాధానం. ఆ 6 ఎప్పుడు కొలిచారో అడగండి. చాలాకాలం స్పీడ్ టెస్టులన్నీ ముందు పింగ్ కొలిచి, తర్వాత డౌన్‌లోడ్ మొదలుపెట్టేవి. అంటే లైను ఖాళీగా ఉన్నప్పటి పింగ్. లాగ్ వచ్చేది లైను నిండినప్పుడు. అర్ధరాత్రి రెండింటికి పంజాగుట్ట చౌరస్తా దాటడానికి పట్టిన సమయం చూపించి సాయంత్రం ట్రాఫిక్ లేదని వాదించడంతో సమానం ఇది.

నిజం తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి మరిన్ని వివరాలు నొక్కితే లైను ఖాళీగా ఉన్నప్పటి ఆలస్యం, నిండినప్పటి ఆలస్యం పక్కపక్కనే చూపిస్తుంది. ఆపిల్ 2021 నుంచి మ్యాక్‌లలో ఇందుకోసమే ఒక పరీక్ష పెట్టింది. నిండిన లైను మీద నిమిషానికి ఎన్ని సార్లు కబురు వెళ్లి తిరిగి రాగలదో లెక్క చెబుతుంది. ఇవేవీ వద్దనుకుంటే ఒక విండోలో పింగ్ నడిపి, పక్కన పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి చూడండి. రెండు అంకెల మధ్య తేడా పది, ఇరవై అయితే మీ లాగ్‌కు కారణం ఇంకెక్కడో ఉంది. తేడా వందలు దాటితే నేను చెబుతున్న జబ్బే.

4. దూరం సంగతి

కొందరు ఇంకో వైపు నుంచి వస్తారు: లాగ్ అంతా సర్వర్ దూరం, మనం చేసేదేమీ లేదు అంటారు. సగం నిజం. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి ప్రతి వంద కిలోమీటర్లకు ఒక మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబయికి గాలిదారిన 620 కిలోమీటర్లు, అంటే ప్రకృతి అడిగే సుంకం ఆరు మిల్లీసెకన్లు. సింగపూర్‌కు 3,300 కిలోమీటర్లు, 33. డల్లాస్‌లో ఉన్న బావమరిదితో అక్కడి సర్వర్‌లో ఆడాలంటే 14 వేల కిలోమీటర్లు దాటాలి. 140కి పైనే, తీగలు తిన్నగా పోవు కాబట్టి ఇంకా ఎక్కువ. దీన్ని షేపింగ్ తగ్గించలేదు. వెయ్యి ఎంబీపీఎస్ ప్లానూ తగ్గించలేదు, ఆ మాట అమ్మేవాళ్లు చెప్పరు. కానీ ముంబయి సర్వర్‌తో 20లో ఉండే పింగ్ రాత్రికి 300 అయితే ముంబయి రాత్రికి రాత్రి దూరం జరగలేదు కదా. ఆ 280 ఎక్కడో వరసలో నిలబడి ఉంది.

5. తొంభై వాడుకోవడం ఏం తెలివి?

ఇప్పుడు అసలు అభ్యంతరం. ఇది షేపింగ్ ఏం చేస్తుందో తెలియకపోవడం నుంచి పుట్టింది.

లైనులో వరస ఎప్పుడూ అన్నిటికన్నా ఇరుకైన చోటు ముందే కట్టుకుంటుంది. మామూలుగా ఆ ఇరుకు మోడెమ్‌లోనో కంపెనీ పరికరంలోనో ఉంటుంది. అక్కడి బఫర్ మన మాట వినదు. ముందొచ్చినవాడికి ముందు అన్న ఒక్క నియమమే దానికి తెలుసు. మన రౌటర్ వేగాన్ని లైను వేగానికి ఒక ఐదు, పది శాతం తక్కువకు కడితే ఇరుకైన చోటు మన రౌటరే అవుతుంది. వరస మన ఇంట్లోకి వస్తుంది. మన ఇంట్లో ఉన్న వరసను ఎలా నడపాలో మనం చెప్పొచ్చు. ఆ పది శాతం ఇచ్చి కొనుక్కునే అధికారం ఇది.

అధికారం వచ్చాక ఏం చేస్తామన్నది రెండో సగం, షేపింగ్‌ను ఎగతాళి చేసేవాళ్లు దీన్ని ఎప్పుడూ ప్రస్తావించరు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి ప్రచురించారు. వరస ఎంత పొడుగుందని అది చూడదు. ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. నిలబడే సమయం వంద మిల్లీసెకన్ల పాటు ఐదుకు దిగిరాకపోతే ఒక్కో ప్యాకెట్‌ను వదిలెయ్యడం మొదలుపెడుతుంది. పంపేవాడికి హెచ్చరిక సకాలంలో అందుతుంది, జోరు తగ్గుతుంది, వరస కరుగుతుంది. దానికి ఎఫ్‌క్యూ తోడైంది: ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వరస, అన్నిటికీ వంతులవారీగా. నెల సరుకుల చీటీతో వచ్చినవాడికి బియ్యం తూస్తూనే, వెనక అగ్గిపెట్టె కోసం నిలబడ్డవాడికి మధ్యలో అది అందించి పంపేసే కొట్టువాడు చేసేది ఇదే. సరుకులవాడికి పోయిందేమీ లేదు. ఆట ప్యాకెట్ల వరసలో ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి కాబట్టి అవి నిలబడకుండానే దాటిపోతాయి. ఈ రెంటి కలయిక 2012లోనే లినక్స్‌లో చేరింది, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా నమోదైంది. అదే ఏడాది లినక్స్ 4.19తో కేక్ అనే మరింత సులువైన రూపం వచ్చింది. 2025లో కన్నుమూసిన డేవ్ టాట్ అనే ఇంజనీరు దశాబ్దానికి పైగా ఈ బఫర్‌బ్లోట్ పోరాటాన్నే మోసుకు తిరిగాడు. వీటిలో దేనికీ లైసెన్సు రుసుము లేదు.

నష్టం ఎంతో కూడా లెక్కేద్దాం. ఒక గిగాబైటు ఫైలు 100 ఎంబీపీఎస్‌లో 80 సెకన్లు, 90లో 89 సెకన్లు. తొమ్మిది సెకన్లు. ఈ తొమ్మిది సెకన్ల మీద ప్రేమతో రోజూ సాయంత్రాలు పాడుచేసుకోమనడం ఏం తెలివో వాళ్లే చెప్పాలి.

ఇంకాస్త లోతు తెలిసినవాళ్లు మరో ప్రశ్న వేస్తారు, ఇది న్యాయమైన ప్రశ్నే. అప్‌లోడ్ సరే, డౌన్‌లోడ్ ప్యాకెట్లు మన రౌటర్‌కు చేరేసరికే ఇరుకు దాటి వచ్చేశాయి కదా, ఇప్పుడు ఆపి ఏం లాభం? ఆపిన ప్యాకెట్ వల్ల లాభం లేదు, దాని వల్ల అవతలి సర్వర్‌కు అందే హెచ్చరిక వల్ల లాభం. పంపేవాడు లైను వేగానికి కాస్త తక్కువలో స్థిరపడితే కంపెనీ పరికరంలో వరస పేరుకోదు. పట్టు అప్‌లోడ్ అంత గట్టిగా ఉండదు. ఒకేసారి పదుల కనెక్షన్లు తెరిచే గేమ్ డౌన్‌లోడర్ మొదలైన క్షణంలో పింగ్ ఒకసారి ఎగురుతుంది. అందుకే డౌన్‌లోడ్ వైపు మార్జిన్ ఎక్కువ పెట్టుకుంటారు, పది నుంచి పదిహేను శాతం.

ఇదంతా కాగితం మీది లెక్క అనేవాళ్ల కోసం ఒక ఉదాహరణ. కోవిడ్ కాలంలో అందరూ ఇళ్ల నుంచి పనిచేస్తుండగా అమెరికాలోని కామ్‌కాస్ట్ ఇంజనీర్లు తమ ఖాతాదార్ల మోడెమ్‌లను కొలిచి 2021లో ఫలితాలు బయటపెట్టారు. ఒకే మోడల్ మోడెమ్, లోపలి రకాలు రెండు. ఒకదానిలో వరసను నడిపే పద్ధతి పనిచేస్తోంది, రెండోదానిలో లేదు. అప్‌లోడ్ నిండినప్పుడు రెండో రకంలో ఆలస్యం 250 మిల్లీసెకన్ల దగ్గర ఉంటే మొదటి రకంలో 15 నుంచి 30 మధ్య ఉంది. తేడాకు కారణం ప్లాన్ కాదు, తీగ కాదు, వరసను నడిపిన తీరు. అక్కడ వాడింది కోడెల్ కాదు, పై అనే దాని దాయాది. సూత్రం మాత్రం ఇదే.

6. ‘అయితే గేమింగ్ రౌటర్ కొంటా’

కొమ్ముల్లా ఆరేడు యాంటెనాలు, ఎర్ర లైట్లు, పెట్టె మీద ‘గేమ్ బూస్ట్’. ప్లాన్ పెంచమనే సలహాకు ఇది తమ్ముడు. ఇందులో చాలావాటి కిటుకు ఆట ప్యాకెట్లకు ప్రాధాన్యం ఇవ్వడం. ప్రాధాన్యం ఎక్కడ పనికొస్తుంది? వరస ఉన్నచోట. వరస మోడెమ్‌లో ఉంటే, గిగాబిట్ వేగంతో అన్నిటినీ మోడెమ్‌కు అప్పజెప్పేసే రౌటర్లో ప్రాధాన్యం ఇచ్చినా ఇవ్వకున్నా ఒకటే. ముందు వేగాన్ని కట్టి వరసను రౌటర్లోకి తేవాలి, తర్వాత మిగతా మాటలు. ఎర్ర లైట్లున్నా లేకపోయినా, లైను వేగం రాసుకోవడానికి ఒక గడి, వరసను ఇలా నడిపే ఎస్‌క్యూఎం అనో కేక్ అనో ఒక మీట ఉన్న రౌటర్ కొనండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కే పాత రౌటర్ ఉంటే అది కూడా చాలు. ప్యాకెట్లను ఇలా తూచి పంపడానికి ప్రాసెసర్ బలం కావాలి, చవక రౌటర్లు రెండు మూడొందల ఎంబీపీఎస్ లోపే ఆయాసపడతాయి. ఇది నిజమైన పరిమితి. చిన్న ప్లాన్‌తో తృప్తిపడటానికి ఇంకో కారణం కూడా.

వైఫై గొడవ వేరు. అపార్ట్‌మెంట్‌లో అందరి రౌటర్లూ 2.4 గిగాహెర్ట్జ్ మీద, ఒకదానికొకటి అడ్డురాని మూడే మూడు ఛానళ్లలో కొట్టుకుంటుంటే షేపింగ్ ఏమీ చెయ్యలేదు. తీగ గుచ్చండి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. ఫోను సిమ్ మీద బీజీఎంఐ లాంటి ఆటలు ఆడేవాళ్లకు కూడా ఈ వ్యాసం పనికిరాదు. ఆ వరస టవర్‌లో ఉంది.

7. ఇది నెట్ న్యూట్రాలిటీకి వ్యతిరేకమా?

ట్రాఫిక్ షేపింగ్ అన్న మాట చెవిన పడగానే కొందరు, కంపెనీలు అన్ని ప్యాకెట్లనూ సమానంగా చూడాలన్న నెట్ న్యూట్రాలిటీ ఉద్యమ జ్ఞాపకాల్లోకి వెళ్లిపోతారు. వాళ్ల భయానికి చరిత్ర ఉంది. 2007లో కామ్‌కాస్టే బిట్‌టొరెంట్ వాడేవాళ్ల కనెక్షన్లను చాటుగా తెంపుతూ దొరికిపోయింది, మరుసటి ఏడాది అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తప్పుపట్టింది. ఇక్కడ 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటా ధరల్లో వివక్షను నిషేధించింది, కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే ఫ్రీ బేసిక్స్ కథ అక్కడితో ముగిసింది. అవన్నీ కంపెనీ మన లైను మీద తనకు నచ్చినట్టు కత్తెర వేసిన, వెయ్యబోయిన సందర్భాలు. నా ఇంట్లో నా రౌటర్లో నా లైనును నేను పంచుకోవడం వేరే సంగతి. పైగా వంతులవారీ పద్ధతి ఎవరి ప్యాకెట్ లోపల ఏముందో చూడదు, ఆటకు ప్రత్యేక పీట వెయ్యదు. తక్కువ అడిగినవాడిని నిలబెట్టకుండా పంపుతుంది, అంతే. ‘లాగ్ స్విచ్’ పెట్టి అవతలివాళ్లను మోసం చేసేవాళ్లతో దీన్ని కలిపేవాళ్లూ ఉన్నారు. లాగ్ స్విచ్ తన లైనును తానే కావాలని తెంపుతుంది. ఇది తెగకుండా చూస్తుంది. అంతకుమించి జవాబు అక్కర్లేదు.

నిజానికి అన్యాయం షేపింగ్ లేని లైనులోనే ఉంది. అమీర్‌పేట హాస్టల్ తీసుకోండి. ఒక కనెక్షన్, ముప్పై మంది. ఒకడు పదుల కనెక్షన్లతో టొరెంట్ పెట్టాడంటే లైనులో సింహభాగం వాడిదే. ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో ఉన్నవాడి గొంతు ముక్కలైపోతుంది. ప్లాన్ రెట్టింపు చేస్తే టొరెంటువాడి వాటా రెట్టింపవుతుంది. కేక్‌లో ముందు మనిషికి, అంటే ఒక్కో పరికరానికి సమాన వాటా వేసి, ఆ తర్వాతే వాడి కనెక్షన్ల మధ్య పంచే ఏర్పాటు ఉంది. వార్డెన్ కేకలు వెయ్యక్కర్లేదు, ఎవరి ఫోనూ లాక్కోనక్కర్లేదు.

8. ‘అందరివల్లా అయ్యే పనా?’

వాళ్ల వాదనలో నాకు గౌరవం ఉన్నది ఈ ఒక్క ప్రశ్న మీదే. కాదు, ఇవాళ అందరివల్లా కాదు. కంపెనీ ఇచ్చిన డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి లైనును మాత్రం అందించేలా, పెట్టించుకోవాలి, వేరే రౌటర్ తేవాలి, లైను వేగం కొలిచి అంకెలు రాయాలి. గాలిలో వచ్చే ఇంటి కనెక్షన్ అయితే వేగం గంట గంటకూ మారుతుంది, ఒక అంకె కట్టి వదిలేస్తే కుదరదు. కానీ ఈ కష్టం ఎవరు పెట్టిందో చూడండి. ఇంటి రౌటర్లలో చాలావాటిలో నడిచేది లినక్సే. అందులో ఈ పద్ధతి 2012 నుంచి ఉచితంగా ఉంది. కంపెనీకి మన ప్లాన్ వేగం తెలుసు, మన డబ్బా దాని చేతిలోనే ఉంది, దూరం నుంచే మీట వెయ్యగలదు. వెయ్యదు, ఎందుకంటే ఎంబీపీఎస్‌ను నెలనెలా అమ్మొచ్చు, వరస సరిచెయ్యడాన్ని ఒక్కసారి కూడా అమ్మలేరు. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని సవరించినప్పుడు కూడా మారింది డౌన్‌లోడ్ వేగమే, కనీసం 2 ఎంబీపీఎస్‌కు. లైను నిండినప్పుడు ఎంత ఆలస్యం కావచ్చన్న మాట ఆ నిర్వచనంలో లేదు. లేనిదాన్ని ఏ కంపెనీ ప్రకటనలో ఎందుకు రాస్తుంది?

కాబట్టి ఈసారి ఫోన్ చేసి ‘సర్, మూడొందలకు అప్‌గ్రేడ్ చేస్తే లాగ్ ఉండదు’ అన్నప్పుడు ఒకటే అడగండి: అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ నిండుగా నడుస్తున్నప్పుడు ముంబయికి పింగ్ ఎంతకు మించదో మెయిల్‌లో రాసిస్తారా? రాసిస్తే మారండి. ‘సుపీరియర్‌ను కనుక్కుని చెబుతాను’ అంటే, పాత ప్లాన్‌లోనే ఉండి, నెలనెలా అదనంగా కట్టబోయిన ఆ డబ్బుతో ఎస్‌క్యూఎం మీట ఉన్న రౌటర్ కొనుక్కుని, వంద ఉన్నచోట తొంభై అని రాసి సేవ్ నొక్కండి.